479 మంది ఓడిపోయిన ఎన్నిక: నల్గొండ నుంచి మార్కాపురం దాకా

  ఈ ఎపిసోడ్ ఓడిపోవడం గురించి. ఎన్నికల్లో ఓడిపోయిన మర్నాడు జనం ఏం చేశారు, ఆ తర్వాత ఏమైంది అన్నదాని గురించి.

ముందు మన ఇంటి లెక్క చూద్దాం. గిద్దలూరు. 2019లో అక్కడ వైసీపీ అభ్యర్థికి వచ్చిన మెజారిటీ 81,035. రాష్ట్రం మొత్తంలో అంతకు మించిన మెజారిటీ ఒక్క పులివెందులలోనే వచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి, 2024లో, అదే గిద్దలూరులో టీడీపీ గెలిచింది. ఎంతతో? వెయ్యి ఓట్ల లోపు తేడాతో. అంటే 2024 జూన్ 4 సాయంత్రం గిద్దలూరులో ఓటేసిన వాళ్లలో దాదాపు సగం మంది డీలా పడి పడుకున్నారు. 2019లో ఆ వంతు అవతలి వాళ్లది.

"నా ఓటు వేస్ట్ అయిపోయిందన్నా" అనే మాట మన పిల్లల నోట చాలాసార్లు విన్నాను. ఏ పార్టీ పిల్లలు అన్నది ఇక్కడ అనవసరం. రెండు వైపులా విన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 1996 గుర్తొస్తుంది. ఆ ఏడాది ఒక్క నియోజకవర్గంలో 479 మంది ఓడిపోయారు. వాళ్లలో చాలామంది ఓడిపోతామని తెలిసే నామినేషన్ వేశారు. ఆ కథకీ మన పడమటి ప్రకాశానికీ నీళ్ల చుట్టరికం ఉంది. అందుకే కథ నీళ్ల దగ్గర మొదలుపెడతాను.

మా అవ్వ పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉండేవి. చిన్నప్పుడు అవి తాంబూలం మరకలు అనుకునేవాణ్ణి. ఆమె తాంబూలం వేసుకునేదే కాదు. ఆమె వయసు వాళ్లు చాలామందికి అలాగే ఉండేవి. కొందరికి నడుం వంగి, మోకాళ్లు ముడుచుకుపోయి, కింద కూర్చుంటే లేవలేకపోయేవాళ్లు. "వయసు మీద పడింది" అనేవాళ్లు. వయసు కాదు, బావిలో నీళ్లు. ఫ్లోరైడ్.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. మనుషుల ఎముకల్ని ఫ్లోరైడ్ ఇలా పాడు చేస్తుందని మన దేశంలో మొదటిసారి డాక్టర్లు రాసింది 1937లో. షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసిన వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో చూసి రాశారు. ఎక్కడ చూసి? అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ రోజుల్లో పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న. నెల్లూరు నుంచి కొంత, గుంటూరు నుంచి కొంత, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, ఇలా మూడు జిల్లాల అంచులు కోసి ఒక జిల్లాగా కుట్టారు. ఇంకో మాట. ఈ జబ్బును డాక్టర్ల కంటే ముందు పసిగట్టింది రైతులు. అరక కట్టిన ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్లు చూశారు. మనుషుల దాకా వచ్చింది తర్వాత.

దీనికి కారణం మన నేలే. కింద గట్టి రాయి, ఆ రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు. వాన తక్కువ, చెరువు నిండదు, బోరు వేస్తాం. నీళ్లు రాతిలో ఎంతకాలం నిలవ ఉంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాచినా పోదు. కాస్తే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి మందు ఒక్కటే, వేరే చోటి నుంచి మంచి నీళ్లు తెచ్చుకోవడం. మనకి ఆ వేరే చోటు అంటే కృష్ణ.

కృష్ణకి అవతల నల్గొండది కూడా ఇదే బతుకు. అదే గట్టి రాయి, అవే బోర్లు, అదే జబ్బు. ఇంకా విచిత్రం, పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసింది. దానికి ప్రపంచమంతా వాడే పేరు 'నల్గొండ టెక్నిక్'. పేరైతే దేశాలు దాటింది. ఊళ్లలో జనం మాత్రం ఆ బోరు నీళ్లే తాగుతూ వచ్చారు. పక్కనే నాగార్జునసాగర్ డ్యాం. ఆ డ్యాం ఉన్నది ఆ జిల్లాలోనే.

అక్కడ దుశర్ల సత్యనారాయణ అనే ఆయన బ్యాంకు ఉద్యోగం వదిలేసి జలసాధన సమితి అని ఒక సంఘం పెట్టారు. ఊరూరా తిరిగారు. సభలు పెట్టారు, ధర్నాలు చేశారు. కాళ్లు చేతులు వంకరపోయిన వాళ్లని అధికారుల ముందుకి తీసుకెళ్లి చూపించారు. ప్రతి ఎన్నికకీ అన్ని పార్టీలూ నీళ్లిస్తామన్నాయి. ఎవరు గెలిచినా నీళ్లు రాలేదు. చూడండి, ఇది ఒక పార్టీ ఓడిపోతే వచ్చే నిరాశ కాదు. ఎవరు గెలిచినా మనం ఓడిపోతున్నాం అనే నిరాశ. ఆ రెండోది చాలా బరువైంది.

1996 లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. అప్పుడు వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఓటు బహిష్కరిస్తే పేపర్లో ఒక రోజు వార్త వస్తుంది, మర్నాడు మర్చిపోతారు. బహిష్కరించకుండా అందరం నిలబడితే?

నిలబడ్డారు. నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు. మన లోక్‌సభ ఎన్నికల చరిత్రలో ఒక్క సీటుకి ఇంతమంది పోటీ చేసింది ఇంకెక్కడా లేదు. అప్పట్లో ఈవీఎంలు లేవు, కాగితం బ్యాలట్. 480 పేర్లు, 480 గుర్తులు ఒక కాగితం మీద ఎలా పడతాయి? పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఓటరు బూత్‌లోకి వెళ్లి ఆ పుస్తకం తిప్పుకుంటూ తన గుర్తు వెతుక్కోవాలి. ఒకసారి ఊహించుకోండి. అధికారులకి గుర్తులు చాలలేదు, బ్యాలట్ పెట్టెలు చాలలేదు. ఢిల్లీలో కూర్చున్న వాళ్లు మొదటిసారి అడిగారు, "ఈ నల్గొండలో ఏం జరుగుతోంది?" అని. జవాబు ఒక్క ముక్క: నీళ్లు.

అప్పట్లో లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకి 250. ఇప్పుడు ఆ డబ్బు చిన్నదిగా కనిపిస్తుంది. 1996లో మెట్ట ఊళ్లో కూలికి పోయే మనిషికి 500 అంటే చాలా రోజుల కూలి. అది తిరిగి రాదని తెలిసి కట్టడం అంటే ఉత్తుత్తి పని కాదు.

ఫలితం ఏమిటి? గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. అంతకు ముందు 1991లో గెలిచింది కూడా ఆయనే. మిగిలిన 479 మంది ఓడిపోయారు. పెద్ద పార్టీల వాళ్లని పక్కన పెడితే అందరి డిపాజిట్లూ గల్లంతు. కౌంటింగ్ రోజు టీవీలో చూసే లెక్క ప్రకారం ఇది ఘోరమైన ఓటమి.

ఆ తర్వాత ప్రభుత్వం మొదట చేసిన పని ఏమిటో తెలుసా? నీళ్లివ్వడం కాదు. డిపాజిట్ పెంచడం. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ని 500 నుంచి 10,000 రూపాయలు చేశారు. గుర్తింపు లేని పార్టీల వాళ్లకీ, ఇండిపెండెంట్లకీ పది మంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. నల్గొండ ఒక్కటే కారణం కాదులెండి. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకి 1,033 మంది పోటీ చేశారు. కర్ణాటకలో బెళగావి లోక్‌సభ సీటుకి 456 మంది. అక్కడా జనం తమ కోపాన్ని నామినేషన్ల రూపంలోనే చూపించారు. ఢిల్లీకి అర్థమైంది ఏమిటంటే, ఈ తలుపు మూసేయాలి అని. నాకైతే ఈ భాగం చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

తలుపు మూశారు సరే, లోపల కలిసిన జనం విడిపోలేదు కదా. నామినేషన్ వేసిన మనిషి ఒక్కడే కాదు. అతని ఊళ్లో అతని కోసం సంతకం పెట్టినవాళ్లు, డిపాజిట్ డబ్బు పోగు చేసినవాళ్లు, ఓటేసిన చుట్టాలు ఉన్నారు. ఏ ఊళ్లో ఎవరు నీళ్ల కోసం నిలబడతారో ఆ జాబితా మొత్తం ఎన్నికల సంఘమే అచ్చు వేసి ఇచ్చింది! ఆ తర్వాతి ఏళ్లలో నల్గొండ ఫ్లోరైడ్ అంటే తెలియని ముఖ్యమంత్రి లేడు. ఏఎమ్మార్ ఎత్తిపోతల పథకం, పానగల్ దగ్గర ఉదయసముద్రం, ఊళ్లకి కృష్ణా నీళ్ల పైపులు, తర్వాత మిషన్ భగీరథ. ఆ భగీరథ పైలాన్ కట్టింది కూడా నల్గొండ జిల్లా చౌటుప్పల్‌లోనే, 2015లో. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఆవాసాలు లేవని కేంద్రం లెక్క చెప్పింది. అది కాగితం లెక్క. వంగిపోయిన ఎముకలు ఆ లెక్కతో నిటారు కావు. ఆ నీళ్లు తాగి పెరిగిన తరం అలాగే ఉంది. అయినా తేడా కళ్లకు కనిపించేదే.

ఇప్పుడు కొండకి ఇవతల, మన వైపు రండి. అదే 1996. ఆ ఎన్నికలకి కొంచెం ముందు, మార్చి నెలలో, మార్కాపురం దగ్గర గొట్టిపడియలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. నల్గొండ జనం నామినేషన్ పత్రాలు నింపుకుంటుంటే, మనకి శిలాఫలకం దొరికింది. ఆ రోజు ఎవరు గెలిచారు అని అడిగితే ఎవరైనా మనమే అంటారు.

వెలిగొండ గురించి మన పిల్లలకి పేరు తెలుసు, లోపల సంగతి అంతగా తెలియదు. శ్రీశైలం రిజర్వాయర్‌లో కొల్లంవాగు దగ్గర నుంచి కృష్ణ వరద నీళ్లు 43.5 టీఎంసీలు తీసుకోవాలి. నల్లమల కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్లు. ఇవతల సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలకి ఆనకట్టలు కడితే నల్లమలసాగర్ అవుతుంది. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4,47,300 ఎకరాలకి సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు. ఇదీ ప్లాన్.

దీని అసలు పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. పూల సుబ్బయ్య కమ్యూనిస్టు నాయకుడు. 1960ల్లో ఎర్రగొండపాలెం నుంచి, 1978లో మార్కాపురం నుంచి శాసనసభకి వెళ్లారు. ఆయన పార్టీ 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఎలా దెబ్బతిందో తెలుసా? 196 సీట్లలో వచ్చినవి 15. అధికారం మాదే అనుకున్న పార్టీ అది. విచిత్రం ఏమిటంటే అన్ని తక్కువ సీట్లు వచ్చినా ఓట్లు మాత్రం నూటికి 31 దాకా వచ్చాయి. సీట్లు పోయినా మనుషులు ఎక్కడికీ పోలేదు అన్నమాట. ఆ మనుషుల్లోంచే మన మెట్టలో కృష్ణా నీళ్ల మాట మాట్లాడేవాళ్లు వచ్చారు. శ్రీశైలం డ్యాం మన కొండ వెనకే కడుతున్నారు, నీళ్లు మాత్రం మనకి రావు, ఇదేం న్యాయం అని అడిగారు. ఆ ప్రశ్న అడిగిన పార్టీ ఏనాడూ రాష్ట్రంలో అధికారంలోకి రాలేదు. ప్రాజెక్టుకి ఆ పార్టీ మనిషి పేరు ఉంది. ఆయన పేరు పలకకుండా ఆ ప్రాజెక్టు గురించి ఏ ముఖ్యమంత్రీ మాట్లాడలేడు.

శంకుస్థాపన తర్వాత ఎనిమిదేళ్లు పెద్దగా ఏమీ కదల్లేదు. 2004 తర్వాత వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో జలయజ్ఞం కింద సొరంగాల పని పట్టాలెక్కింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో పూర్తయింది, రెండోది 2024 జనవరిలో. 2024 మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల వాళ్లకి పునరావాసం పూర్తి కాలేదు, పొలాలకి నీళ్లు రాలేదు. శంకుస్థాపన నుంచి ఆ రోజుకి లెక్కపెడితే 28 ఏళ్లు. ఆ మధ్యలో ఎన్ని ఎన్నికలు అయ్యాయో, ఎంతమంది గెలిచారో, ఎంతమంది ఓడిపోయారో మీరే లెక్కవేయండి.

మన వైపు పోరాటం లేదని నేను అనడం లేదు. పాదయాత్రలు జరిగాయి, దీక్షలు జరిగాయి, ముంపు గ్రామాల వాళ్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నారు. నల్గొండది అంతా సుఖాంతం అని కూడా అనడం లేదు. అదే శ్రీశైలం నుంచి అటువైపు తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. కానీ నా అభిప్రాయం ఒకటుంది, ఒప్పుకోకపోయినా పర్వాలేదు. శిలాఫలకం దొరికిన చోట జనం "వచ్చేస్తుందిలే" అని ఎదురుచూశారు. డిపాజిట్ పోయిన చోట ఎదురుచూడటానికి ఏమీ లేక, కలిసి తిరగడం ఆపలేదు. మన దగ్గర నీళ్ల కంటే ముందు నీళ్ల క్యాన్లు వచ్చాయి. 20 లీటర్ల క్యాన్ కొనుక్కునే స్తోమత ఉన్నవాడికి కోపం తగ్గిపోయింది. లేనివాడు బోరు నీళ్లే తాగాడు. నల్గొండలో ఇద్దరూ ఒకే బ్యాలట్ పుస్తకంలో ఉన్నారు.

ఈ పద్ధతి అక్కడితో ఆగిపోలేదు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే పని చేశారు. 185 మంది అభ్యర్థులు, ఎక్కువ మంది రైతులే. డిపాజిట్ అప్పటికి 25,000 అయింది, అయినా కట్టారు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. రైతులందరూ ఓడిపోయారు. వాళ్లు అడిగింది పసుపు బోర్డు. 2025 సంక్రాంతికి జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ధర సమస్య తీరిపోయిందని కాదు. అడిగింది మాత్రం వచ్చింది.

ఇంత దూరం ఎందుకు, మన మార్కాపురమే ఉంది. 2022లో 13 జిల్లాలని 26 చేసినప్పుడు మార్కాపురం జిల్లా కావాలని అడిగాం. రిలే దీక్షలు, బంద్‌లు, ర్యాలీలు అన్నీ అయ్యాయి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు మొదలైతే జాబితాలో మన పేరు లేదు. గిద్దలూరులో మారుమూల ఊరి మనిషి కలెక్టర్‌ని కలవాలంటే ఒంగోలు పోయి రావడానికి ఒక రోజు పోతుందనేది మన గోడు, అది అప్పుడు ఎవరికీ ఎక్కలేదు. ఆ రోజు చాలామంది "ఇక అయిపోయింది" అన్నారు. కొందరు ఆపలేదు. ఏ పార్టీ మనిషి ఓటు అడగడానికి వచ్చినా మొదటి ప్రశ్న జిల్లా గురించే అయ్యేలా చేశారు. 2024 ఎన్నికల్లో అది హామీ అయింది. 2025 చివర్లో మార్కాపురం జిల్లా వచ్చింది. ఓడిపోయిన మూడున్నరేళ్లు దాటాక.

సరే, ఇప్పుడు మీ చేతిలో ఏముంది అంటారా? 480 మంది నామినేషన్లు వేయమని నేను చెప్పడం లేదు. చిన్న పనులు ఉన్నాయి, కౌంటింగ్‌తో సంబంధం లేనివి.

మీ ఊరి నీళ్లు పరీక్ష చేయించారా? జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకి నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీలో అడగండి. చాలా చోట్ల ఎవరికీ తెలియదు. అడిగితేనే కిట్ బీరువాలోంచి బయటకి వస్తుంది. ఫ్లోరైడ్ ఎంతో చూసి, ఆ అంకెని బోరు మీదే రాయండి.

అది చెప్పరా, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు. మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. ఒక టీ ఖర్చు కూడా కాదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరే పెడితే ఒక్కరి పేరే వాళ్లకి తెలుస్తుంది, అందుకని పది మంది పెట్టండి. ఒకే ప్రశ్న పది పేర్లతో వెళ్తే ఆఫీసులో దాని బరువు వేరు. నల్గొండ వాళ్లు చేసింది అదే కదా, కాస్త పెద్దగా.

గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. మన ఊళ్లలో ఎంతమంది వెళ్లారు? ఫొటో కోసం వెళ్లినవాళ్లని వదిలేయండి. అక్కడ తీర్మానం రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. మీరు అడిగింది ఆ పుస్తకంలో ఎక్కిందా లేదా చూసి, పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకుని రండి. మన ఫోన్లకి అంతకన్నా మంచి వాడకం నాకు తెలియదు.

చెరువు ఉన్న ఊరైతే సాగునీటి సంఘం ఉంటుంది. 1997 చట్టంతో వచ్చిన సంఘాలు ఇవి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు కూడా అయ్యాయి. మీ నాన్నకి ఆ చెరువు కింద పొలం ఉంటే ఆయన అందులో సభ్యుడు. ఆయనకే ఆ సంగతి తెలియకపోవచ్చు, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగి చూడండి.

వచ్చే ఎపిసోడ్ కంభం చెరువు. విజయనగర కాలం నాటి కట్ట, 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. వందల ఏళ్లు ఆ కట్టని ఎవరు కాపాడారు, మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టారు, పూడిక ఎవరు తీశారు అన్నది చెప్తాను. బేస్తవారిపేట, కంభం వైపు వాళ్లు మీ ఇళ్లలో పెద్దవాళ్లని చెరువు గురించి అడిగి పెట్టుకోండి. ఉంటాను.